చేతులెక్కడ పెట్టుకోవాలి

మంగళవారం పొద్దున్న పది కొట్టేసరికి ఎర్లీన్ స్టబ్స్ మూడుసార్లు మొగుడి చేత దెబ్బలు తింది, మూడుసార్లు ఏడ్చింది, మూడుసార్లూ కాపాడ్డానికొచ్చిన పోలీసు మీద విరుచుకుపడి ఆ మొగుణ్ణే వెనకేసుకొచ్చింది. నాలుగోసారికి ముందు గొంతు తడుపుకుందామని సోఫాలోంచి లేచి గ్లాసుడు చల్లటి తీపి టీ తాగింది. అసలు మొగుడు పోయి ఆమెకు పదకొండేళ్లయింది. ఉన్నన్నాళ్లూ ఆయన చెయ్యెత్తి ఎరగడు. ఇది ఉద్యోగం. కోలీ కౌంటీ పోలీసు శిక్షణ కేంద్రంలో, రేకుల షెడ్డు కింద చెక్కలతో కట్టిన ఉత్తుత్తి ఇంట్లో, పరీక్షకొచ్చిన కుర్రాళ్ల ముందు దెబ్బలు తిన్న ఇల్లాలుగా నటించడం ఆమె పని. స్కూలు వంటగదిలో ఇరవై రెండేళ్లు చాకిరీ చేసి రిటైరయ్యాక ఇందులో చేరింది. ఇంత సుఖమైన ఉద్యోగం ఇంకోటి ఉండదని ఆమె నమ్మకం. పగలంతా నోరారా తిట్టొచ్చు, సాయంత్రం ఇంటికి పోయి హాయిగా నిద్రపోవచ్చు.

మొగుడి వేషం బర్ల్ ఫెయిర్‌క్లాత్‌ది. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, బండ గొంతు. ఇంట్లో పెళ్లాం డోరీన్ ముందు గట్టిగా దగ్గే ధైర్యం కూడా లేదని ఊళ్లో అందరికీ తెలుసు.

పరీక్షకొచ్చినవాడు తలుపు కొట్టి లోపలికి రావాలి. ఇద్దరినీ విడదీయాలి, మాట్లాడించాలి. మధ్యలో ఎర్లీన్ లేచి, మొహంలో మొహం పెట్టి, "నిన్నెవడు రమ్మన్నాడిక్కడికి? ఫో నా ఇంట్లోంచి!" అని అరుస్తుంది. వచ్చినవాడు ఆమెను చూస్తూ ఉండగా బర్ల్ సోఫా దిండు కింద చెయ్యి పెట్టి రబ్బరు కత్తి తీస్తాడు. ఆ క్షణానికి పోలీసు చేతులు ఎక్కడున్నాయన్నదే పరీక్ష. మూలన అట్ట పట్టుకుని నిలబడే సార్జెంట్ మాబ్లీ చూసేదీ రాసేదీ అదే.

ఈ వారం వచ్చిన నలుగురూ మామూలు వాళ్లు కారు. మిలిటరీ కాలేజీలో నాలుగేళ్లు చదివి పట్టా పుచ్చుకుని, సైన్యంలోకి పోకుండా పోలీసుల్లో చేరదామనుకున్నవాళ్లు. మామూలు కుర్రాళ్లయితే పదకొండు వారాలు ఇక్కడే ఉండి నేర్చుకుంటే గానీ సర్టిఫికెట్ చేతికి రాదు. వీళ్లకు కొత్తగా ఒక సదుపాయం ఇచ్చారు. నాలుగేళ్లు నేర్చుకునే వచ్చారు కాబట్టి ఒక్క వారం పరీక్షలు రాస్తే చాలు. చట్టం పేపరు, తుపాకీ, కారు నడపడం, వాటితో పాటు ఈ ఇల్లు. ఇంట్లో మటుకు రెండే అవకాశాలు. రెండోసారీ తప్పితే పదకొండు వారాల బడికి పోవాల్సిందే.

మొదటి ముగ్గురూ తప్పారు. ముగ్గురూ ఒకేలా తప్పారు. అదే ఎర్లీన్‌కు వింతగా ఉంది.

అందులో మూడోవాడు వెస్లీ ట్రామెల్. సన్నగా, చెవులు కాస్త పెద్దవిగా, ఇస్త్రీ మడత నలగకుండా వచ్చాడు. గుమ్మంలో వేసిన గోనెపట్టా మీద బూట్లు తుడుచుకున్నాడు. ఉత్తుత్తి ఇంటి గుమ్మంలో బూట్లు తుడుచుకున్నవాణ్ణి ఆమె ఈ పన్నెండేళ్ల ఉద్యోగంలో చూళ్లేదు. లోపలికొచ్చి చక్కగానే మాట్లాడాడు. బర్ల్‌ను సోఫా దగ్గర కూచోబెట్టాడు, ఆమెను వంటింటి బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు, దెబ్బలేమైనా తగిలాయా అనడిగాడు. ఆమె లేచి అరిచింది. అంతే, మడమలు టక్కున కలిశాయి, గడ్డం పైకి లేచింది, చూపు ఆమె తల మీదుగా గోడకు పోయింది, రెండు చేతులూ నడుం వెనక్కి వెళ్లి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"యస్ మేడమ్!" అన్నాడు.

బర్ల్ తాపీగా నడిచొచ్చి అతని డొక్కలో రబ్బరు కత్తి ఆనించాడు.

"పోయావు నాయనా," అన్నాడు జాలిగా.

నాలుగోవాడు మాత్రం గట్టెక్కాడు. వాడేమీ మిగతా ముగ్గురికంటే చురుకైనవాడు కాడు. ఎడమ మణికట్టు బెణికి కట్టు కట్టుకుని, ఆ చేతిని పొట్టకానించుకుని తిరుగుతున్నాడు.

"నాలుగేళ్ల చదువంట," అన్నాడు మాబ్లీ అట్ట మీద కాగితం తిప్పుతూ. "ఈ వెనక్కి పెట్టుకున్న చేతులతో ఏం చేస్తార్రా వీళ్లు, దొంగ వస్తే గుడ్ మార్నింగ్ చెబుతారా?"

"అందరూ ఒకేలా ఎందుకు పెట్టారు సార్జెంట్?" అంది ఎర్లీన్.

"ఎందుకేముంది, బుర్ర లేక."

ఆ జవాబు ఆమెకు ఆనలేదు. బుర్ర లేనివాళ్లు తలా ఒక తప్పు చేస్తారు. వంటగదిలో ఎంతమంది కొత్తవాళ్లకు పని నేర్పలేదు తను? ఒకడు ఉప్పు మరిచిపోతాడు, ఒకడు మాడబెడతాడు. ముగ్గురూ కలిసి ఒకటే మాడబెట్టారంటే తప్పు పొయ్యిలో ఉందన్నమాట.

భోజనాల వేళ బర్ల్ చీజ్ శాండ్‌విచ్ నములుతూ లోకం కబుర్లు మొదలెట్టాడు. ఆ ట్రామెల్ కుర్రాడికి ఈ కౌంటీలోనే, పోలీసు పెద్ద షెరీఫ్‌గారి కింద డిప్యూటీ ఉద్యోగం ఇస్తామన్నారట. సోమవారానికల్లా సర్టిఫికెట్ చూపించకపోతే ఆ చోట్లోకి షెరీఫ్‌గారి బావమరిది వచ్చి కూచుంటాడట.

"ఏ బావమరిది? చేపల పోటీలో బరువు తూగాలని చేపలకి సీసం ముక్కలు మింగించి దొరికిపోయాడే, వాడా?"

"ఆఁ, వాడే. వాడికి మాత్రం చేతులెక్కడ పెట్టుకోవాలో బాగా తెలుసు," అన్నాడు బర్ల్.

ఎర్లీన్ నవ్వింది కానీ మనసు అక్కడ లేదు. నటించేవాళ్లు పరీక్షకొచ్చినవాళ్లతో మాట్లాడకూడదన్నది అక్కడ నిబంధన. తలుపు మీద కాగితం అంటించి మరీ ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆమె ఆ కాగితానికి కట్టుబడే ఉంది. ఆ మధ్యాహ్నం నడవలో వెస్లీ కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి కనిపించాడు. మాట్లాడకూడదు, సరే. అరవకూడదని ఎక్కడుంది?

"ఏయ్!" అని కేకేసింది వెనకనించి. "ఏంటక్కడ నిలబడ్డావ్?"

కుర్రాడు గిర్రున తిరిగాడు, మడమలు కలిశాయి, రెండు చేతులూ వెనక్కి పోయాయి. ఒక చేతిలో కాఫీ ఉందన్న సంగతి ఆ చేతికే తెలిసినట్టు లేదు. కప్పెడు కాఫీ ప్యాంటు వెనకాల పడి మోకాళ్ల దాకా కారింది. అంత వేడిలోనూ అతను కదల్లేదు.

"యస్ మేడమ్."

"అయ్యో నా తల్లీ!" అని ఎర్లీన్ పరుగెత్తుకెళ్లి గుప్పెడు కాగితం రుమాళ్లు తెచ్చింది. "తుడుచుకో, తుడుచుకో. కాలిందా? కదలవేంటి నాయనా, నేనేమన్నా జనరల్‌నా?"

"కాదు మేడమ్." అప్పుడు గానీ అతని భుజాలు దిగలేదు.

"ఎవరు నేర్పారు నీకీ చేతులు వెనక్కి పెట్టుకోవడం?"

"కాలేజీలో మేడమ్. మొదటి వారమే. సీనియర్లు మొహం మీదికొచ్చి అరుస్తారు. చేతులు ముందుకొస్తే యాభై దండీలు. నాలుగేళ్లు." ప్యాంటు తుడుచుకుంటూ అతను కాస్త సిగ్గుగా నవ్వాడు. "ఇందాక అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. నన్ను నేను తిట్టుకున్నా ఏమీ కాలేదు. వేరేవాళ్లు అరిస్తేనే పోతున్నాయి."

ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. వాడు చెడ్డ విద్యార్థి కాడు. మరీ మంచి విద్యార్థి.

"మా ఇంటి వైపు," అన్నాడు అతను, ఆమె అడక్కుండానే, "ఫోన్ చేస్తే డిప్యూటీ రావడానికి యాభై నిమిషాలు పడుతుంది మేడమ్. అందుకే ఇక్కడే చేయాలనుకున్నాను. నేను పక్కనే ఉంటాను కదా."

ఆ మాటతో తలుపు మీది కాగితం ఎర్లీన్‌కు గుర్తు లేకుండా పోయింది. గుర్తు లేదనడం అబద్ధం. గుర్తుండే పక్కకు తోసేసింది.

"చూడు, నేను స్కూల్లో వంట చేసినదాన్ని. పొయ్యిలోంచి వేడి గిన్నె తీసి రెండు చేతుల్తో పట్టుకున్నాననుకో, ఎదురుగా ప్రిన్సిపాలొచ్చి అరిచినా గిన్నె వెనక్కి పెట్టను. పెట్టగలనా? నీ చేతుల్లో ఎప్పుడూ వేడి గిన్నె ఉందనుకో. పొట్టకు ఎదురుగా, ఇదిగో ఇలా. ఎవరెంత అరిచినా గిన్నె కింద పడకూడదు."

అతను పట్టుకున్నాడు. ఆమె అరిచింది. గిన్నె పడిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు. ఆరోసారికి పడలేదు.

బుధవారం పొద్దున్న వెస్లీ రెండోసారి ఆ ఇంట్లోకి వచ్చాడు. పట్టా మీద బూట్లు తుడుచుకున్నాడు. ఎర్లీన్ మొహమాటపడలేదు, ఆ మాట చెప్పుకోవాలి. ముందురోజుకంటే రెండింతలు అరిచింది, అతని తల్లినీ తాతనూ కలిపి తిట్టింది. మడమలు కలిశాయి గానీ చేతులు పొట్ట ముందే, వేడి గిన్నె మోస్తున్నట్టే ఉండిపోయాయి. బర్ల్ కత్తితో రాగానే ఆ చేతులే అతని మణికట్టు పట్టుకుని, మెలితిప్పి, నేల మీద బోర్లా పడుకోబెట్టాయి.

"నెమ్మది, నడుం నొప్పి ఉంది నాకు," అన్నాడు బర్ల్ తివాచీలోకి.

మాబ్లీ టిక్కు పెట్టాడు. ఎర్లీన్‌కు లోపల్లోపల పండగలా ఉంది. మిగతా ఇద్దరూ మళ్లీ చేతులు వెనక్కే పెట్టి తప్పారు. వాళ్లను చూసి అయ్యో అనుకుంది గానీ ఆమె సంతోషం తగ్గలేదు. మనకు నచ్చిన కుర్రాడు గట్టెక్కితే అంతే కదా.

గురువారం పొద్దున్న ఆ సంతోషం కాస్తా ఆవిరైంది. బర్ల్ డైరెక్టర్ గదిలోంచి బయటికొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది?"

"ఆ కుర్రాడు నిన్న పాసవగానే తిన్నగా డైరెక్టర్ దగ్గరికి పోయి, నాకు అనుమతి లేని సాయం అందింది సార్, నా మార్కు కొట్టేయండి అని రాసిచ్చాడంట. ఎవరు చేశారంటే పేరు మాత్రం చెప్పనంటున్నాడు. తన తప్పు చెప్పుకోవడం వరకే తన పనంట. ఆ కాలేజీలో అదో ప్రమాణమంట!" బర్ల్ మీసం వణికింది. "పోయిన ఏడాది నేను పరీక్షకొచ్చినవాళ్లతో కలిసి సిగరెట్ కాల్చానని హెచ్చరించారుగా. ఇప్పుడు నేనే అనుకుంటున్నారు. సాయంత్రానికి తీసేస్తారు నన్ను. డోరీన్‌కు ఏం చెప్పుకోను ఎర్లీనమ్మా?"

ఎర్లీన్‌కు మొదట ఒళ్లు మండిపోయింది. బర్ల్ మీద కాదు, డైరెక్టర్ మీద కాదు, ఆ పెద్ద చెవుల కుర్రాడి మీద. నోరు మూసుకుని సర్టిఫికెట్ తీసుకుపోతే ఏం పోయేది వెధవకి? ఎవరడిగారు వాణ్ణి? ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది, అది అంత సుఖంగా లేదు. నేను కాదని అంటే తనను అనుమానించే దిక్కు కూడా లేదు. పన్నెండేళ్లుగా రోజుకు పదిసార్లు అబద్ధం ఆడటమే తన పని. ఇంకోటి ఆడితే పట్టుకునేవాడు లేడు.

ఆమె చేతిసంచి భుజానికి తగిలించుకుని డైరెక్టర్ గది తలుపు కొట్టింది.

డైరెక్టర్ హార్‌గ్రోవ్ కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆయన కూడా ముప్ఫై ఏళ్ల కింద అదే కాలేజీలో చదివినవాడు. చేతులు నడుం వెనక ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఎర్లీన్ వాటిని చూసింది ఇవాళే.

"బర్ల్ కాదు సార్. నేను."

ఆయన వెనక్కి తిరిగాడు. "మీరా?"

"నేనే. నడవలో. కాఫీ కూడా ఒలకబోయించాను. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను, మీరేం చేసినా సరే. కానీ ఒక్క సంగతి నన్ను తినేస్తోంది, అడగనిస్తారా?"

"అడగండి."

"మామూలు కుర్రాళ్లకి చేతులు ముందు పెట్టుకోవాలని ఎప్పుడు నేర్పుతారు?"

డైరెక్టర్‌కు తెలియదు. మాబ్లీని పిలిపించాడు. మాబ్లీ తల గోక్కున్నాడు.

"మొదటి సోమవారం సార్. పొద్దున్న డ్రిల్లు గంటలో. ముందు అటెన్షన్‌లో నిలబెడతాం, తర్వాత, ఇది ఇక్కడితో సరి, వీధిలో మాత్రం ఇలా నిలబడాలి అని చేతులు ముందు పెట్టించి చూపిస్తాం. రోజంతా అరుస్తూనే ఉంటాం, అలవాటయ్యేదాకా."

"ఈ నలుగురూ ఆ డ్రిల్లు గంటకి వచ్చారా?" అంది ఎర్లీన్.

డైరెక్టర్ సొరుగులోంచి మిలిటరీ కాలేజీ పిల్లలకిచ్చే మినహాయింపుల కాగితం తీశాడు. వేలు పెట్టి చదువుకుంటూ కిందికి వచ్చాడు. మూడో వరస దగ్గర వేలు ఆగిపోయింది. డ్రిల్లు, నిలబడే తీరు: కాలేజీలో నేర్చుకున్నారు గనక అవసరం లేదు.

"అంటే," అంది ఎర్లీన్, ఇక ఆగలేక, "డ్రిల్లు బాగా వచ్చని డ్రిల్లు గంట తప్పించారు. ఆ గంటలోనే ఆ డ్రిల్లు మరిచిపోవడం నేర్పుతారు. మీరు చెప్పని పాఠానికి మీరే పరీక్ష పెట్టి, తప్పారని పిల్లల్ని బయటికి తోస్తున్నారు. నేను చెప్పింది సాయం కాదు సార్. మీ మొదటి సోమవారం."

మాబ్లీ బూట్లకేసి చూసుకున్నాడు. బుర్ర లేదన్న మాట అతనికి గుర్తొచ్చిందో లేదో గానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

డైరెక్టర్ చెడ్డవాడు కాడు. కాసేపు ఆ కాగితాన్నే చూసి, మధ్యాహ్నం ముగ్గురికీ ఆ గంట పాఠం చెప్పమన్నాడు. శుక్రవారం ముగ్గురికీ మళ్లీ పరీక్ష. పక్క కౌంటీనించి వేరే మొగుడూ పెళ్లాల్ని తెప్పిస్తారు, ఎవరికీ అనుమానం లేకుండా. బర్ల్ మీద ఏమీ లేదు. అప్పుడు ఆయన ఎర్లీన్‌ను చూశాడు.

"మీరు చెప్పింది నిజం, మిసెస్ స్టబ్స్. నిబంధన కూడా నిజమే. మీ పేరు జాబితాలోంచి తీసేయక తప్పదు."

"తెలుసు సార్."

తెలుసు అనడం తేలికే అయింది. ఆ చెక్క ఇంట్లోకి వెళ్లి తన శాలువా, టీ ఫ్లాస్కూ తీసుకునేటప్పుడు మాత్రం ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ సోఫా మీద పన్నెండేళ్లు కూచుంది. చూడ్డానికి ఎవరూ లేరు, అట్ట మీద రాసుకునేవాళ్లు అసలే లేరు. ముక్కు తుడుచుకుని బయటికి వచ్చింది.

కారు దగ్గర వెస్లీ నిలబడి ఉన్నాడు.

"నేను మీ పేరు చెప్పలేదు మేడమ్."

"నేనే చెప్పుకున్నాను. నోరు మూసుకుని ఊరుకుంటే నీ సొమ్మేం పోయేదిరా నాయనా? చక్కగా పాసయ్యావు!"

"ఆ ఇంట్లో నిలబడింది నేను మేడమ్, కానీ పాసయింది మీరు." అతను ఆమె చేతిలోని ఫ్లాస్కుకేసి చూశాడు. "మీ ఉద్యోగం పోతుందని నాకు తోచలేదు. తోచి ఉంటే..."

"తోచి ఉంటే?"

అతను చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచించడం చూస్తే ఎర్లీన్‌కు కోపం ఇంకా పెరిగింది. పైపైన ఒక మంచి మాట అనేసి పోవచ్చు కదా.

"అప్పుడూ చెప్పేవాణ్ణి మేడమ్," అన్నాడు చివరికి. "కానీ ముందు మీకు చెప్పి వెళ్లేవాణ్ణి."

ఆమె కారు తలుపు ధడాలున వేసుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం ఆమె ఇంట్లో కూచుని బఠాణీలు ఒలిచింది. పరీక్ష పదింటికి. పదిన్నరకు బర్ల్‌కు ఫోన్ చేసింది. అతన్ని కూడా షెడ్డు దరిదాపులకు రానివ్వలేదట. శనివారం మాబ్లీకి చేసింది. బయటివాళ్లకు ఫలితాలు చెప్పకూడదన్నాడు. బయటివాళ్లు! ఆదివారం చర్చిలో షెరీఫ్‌గారి బావమరిది మొహం చూసింది, వాడి మొహంలో ఎప్పుడూ ఏమీ కనపడదు. ఉద్యోగం పోయిన బాధకంటే ఆ కుర్రాడు గట్టెక్కాడో లేదో తెలియకపోవడమే ఆమెను ఎక్కువ వేధించింది. సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది. పోనీ నాకెందుకు అనుకుంది. ఆ అనుకోవడం రోజుకు పదిసార్లయినా జరిగింది.

గురువారం మధ్యాహ్నం జుట్టు కత్తిరించుకోవడానికి ఆలస్యమైపోయి, మిల్లు రోడ్డు మీద ఆమె కాస్త గట్టిగానే కారు తోలింది. అద్దంలో నీలం దీపాలు తిరిగాయి. తిట్టుకుంటూ పక్కకు ఆపింది. వెనక కారులోంచి సన్నటి మనిషి దిగాడు. ఇస్త్రీ మడత, పెద్ద చెవులు. గోధుమరంగు డిప్యూటీ చొక్కా, దాని మీద కొత్త నక్షత్రం ఎండలో మెరుస్తోంది.

ఎర్లీన్ గుండె ఎగిరి గంతేసింది. "పాసయ్యావా! ఒరే నాయనా, పాసయ్యావా! వారం నించీ చస్తున్నాను తెలియక! మరి ఆ మిగతా ఇద్దరూ?"

"వాళ్లు కూడా మేడమ్. మీ దయ." అతను చెవుల దాకా నవ్వాడు. నవ్వు సర్దుకున్నాక అన్నాడు, "నలభై ఏడు మైళ్ల వేగంలో వస్తున్నారు మేడమ్. ఇక్కడ ముప్ఫై ఐదు దాటకూడదు. లైసెన్సు ఇస్తారా?"

ఆమె అతని మొహం చూసింది. హాస్యం ఆడుతున్నాడేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. ఆడటం లేదు.

"నీ వల్ల నా ఉద్యోగం పోయింది, ఎరుగుదువా?"

"ఎరుగుదును మేడమ్. మిమ్మల్ని మళ్లీ తీసుకోమని డైరెక్టర్‌గారికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. మూడోది రాస్తున్నాను." చెయ్యి మాత్రం లైసెన్సు కోసం చాచే ఉంచాడు. "ఇది వేరే సంగతి మేడమ్."

వెనక కారు అవతలి తలుపు తెరుచుకుని కర్టిస్ పూల్ దిగాడు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న డిప్యూటీ, కొత్తవాడికి పని నేర్పడానికి వెంట తిరుగుతున్నాడు. స్కూల్లో ఎర్లీన్ చేతి మొక్కజొన్న రొట్టెలు తిని పెరిగినవాడు. పొట్ట సర్దుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఒరేయ్ ట్రామెల్! ఆవిడెవరనుకుంటున్నావ్, మన ఎర్లీనమ్మ! ఆ జరిమానా పుస్తకం మూసెయ్. నువ్వెళ్లు ఎర్లీనమ్మా, కుర్రాడు కొత్త, ఏమీ అనుకోకు. మనలో మనకేంటి!"

వెస్లీ పుస్తకం మూయలేదు. రాయనూ లేదు. పెన్ను కాగితం మీద ఆనించి అలాగే నిలబడ్డాడు, మెడ మీద చెమట పట్టింది. పై అధికారి మాట ఒకవైపు, పెన్ను ఒకవైపు. ఎర్లీన్ ఆ పెన్నుకేసే చూసింది. వీడు ఇప్పుడు గనక ఆ పుస్తకం మూశాడంటే పన్నెండేళ్ల ఉద్యోగం ఊరికే పోయినట్టే అనిపించింది ఆమెకు. కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు.

"నోరు ముయ్ కర్టిస్," అంది. "నలభై ఏడు కాదు, ఆ మలుపు దగ్గర యాభై దాకా పోయాను. రాయనీ అబ్బాయిని."

లైసెన్సు తీసి అతని చేతిలో పెట్టింది. అతను ముఖం పక్కకు తిప్పుకుని ఒకసారి ముక్కు ఎగబీల్చి, వంగి, బానెట్ మీద పుస్తకం పెట్టుకుని రాయడం మొదలెట్టాడు.

"నేను చూసింది నలభై ఏడే మేడమ్," అన్నాడు తలెత్తకుండా. "చూసిందే రాస్తాను."

కాగితం చేతికొచ్చాక ఎర్లీన్ కళ్లజోడు పెట్టుకుని మొదటినించి చివరిదాకా చదివింది. తప్పేమీ లేదు. పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టింది.